పిలకాయల చేతికి మందు ఏ దారిన వస్తా ఉంది? గంగజాతర లోపల ఊరు చెయ్యగలిగేది

పలమనేరు పక్కపల్లె

అన్నలకు, అక్కలకు నమస్తే. మూడు పల్లెల పంచాయతీ, 600 గడప దాకా ఉంటాది. తొమ్మిది, పది, ఇంటరు చదివే పిలకాయలు మామిడితోపుల్లో, చెరువు కట్ట మీద కూర్చొని తాగేది ఇప్పుడు దాపరికం కూడా కాదు. ఇంకో ఐదు వారాల్లో గంగజాతర, దాని వెనకే భారతం (రాత్రుళ్ళు ఆడే మహాభారత నాటకాలు). లైసెన్సు షాపు 7 కిలోమీటర్ల దూరం. బెల్టు షాపు, అంటే లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టి అమ్మేది, మాత్రం రెండిళ్ళలో ఉండాది. కర్ణాటక మందు ప్యాకెట్లు కూడా దిగతా ఉండాయి.

ఊరి పెద్దలు చెప్పేది రెండే. దొరికినోడిని చావిట్లో నిలబెట్టి జరిమానా వెయ్యాల, లేదంటే బళ్ళో ఎస్సైగారి చేత ఉపన్యాసం చెప్పించాల. ఈ రెండిటితో తెమిలే పని కాదనిపిస్తా ఉంది. ఏది ముందు, ఏది వెనక, ఎవురు చెయ్యాల? తెలిసినోళ్ళు విడమరిచి రాయండి.

సంఘం లీడరు, గంగాధర నెల్లూరు వైపు

తమ్ముడూ, మొదటి వారం ఎవురికీ ఏమీ చెప్పొద్దు. దండోరా వద్దు, మీటింగు వద్దు. లెక్క తియ్యండి.

ఆరు చోట్లు రాసుకోండి. మోటారు రూములు, చెరువు కట్ట, బడి వెనక గోడ, క్రికెట్ ఆడే బీడు, తోపు, బస్సు షెల్టరు. వారంలో మూడు తూర్లు, సోమవారం, గురువారం, శనివారం, పొద్దున 6 గంటలకే పోవాల. పంచాయతీ పారిశుధ్యం మనిషి ఒకరు, ఆడోళ్ళ పొదుపు సంఘం మనిషి ఒకరు చాలు. చేతికి గ్లౌజులు, ఒక గోతం, ఒక చీటీ.

సీసాలు లెక్కపెడితే మోసపోతారు. మూతలు లెక్కపెట్టండి. బీరు సీసాకి పాత సామాన్లోళ్ళు డబ్బులిస్తారు కాబట్టి తెల్లారేలోపల ఎవురో ఒకరు ఏరుకోని పోయుంటారు. మూత జోలికి ఎవురూ పోరు, పడిన చోటే దుమ్ములో ఉంటాది. ప్యాకెట్లు కూడా అంతే, వాటిని కొనేవాళ్ళు లేరు. చీటీలో నాలుగు గళ్ళు చాలు: 90 మి.లీ. నిబ్బు, 180 మి.లీ. క్వార్టరు, బీరు, ప్యాకెట్టు. ఏరినవన్నీ గోతంలో వేసుకోని రావాల. అట్లే వదిలేస్తే గురువారం మళ్ళీ అవే లెక్కకొస్తాయి.

అది పెద్దోళ్ళ జాగానా, పిలకాయల జాగానా అనేది చుట్టూ పడినవి చూస్తే చాలావరకు తెలుస్తాది. నీళ్ళ ప్యాకెట్లు, ఊరగాయ కవర్లు, బీడీ ముక్కలు ఉంటే పెద్దోళ్ళు. చిన్న కూల్‌డ్రింకు సీసాలు, కుర్‌కురే కవర్లు, పుదీనా బిళ్ళల కాగితాలు ఎక్కువుంటే పిలకాయలు. ఇది సాక్ష్యం కాదు, ఎక్కడ కన్నేసి ఉంచాలో చెప్పే గుర్తు, అంతే.

ఈ లెక్క లేకుండా దిగితే మూడు నెలల తర్వాత తగ్గిందా పెరిగిందా అని ఎవురూ చెప్పలేరు. ఒకాయన "బాగా తగ్గింది" అంటాడు, ఇంకొకాయన "ఏం తగ్గింది బొంద" అంటాడు.

ఎక్సైజ్‌లో చేసి దిగినోడు

అక్క చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. సీసా దొరికితే లేబుల్, మూత మీది హోలోగ్రాం చిరగకుండా తీసి పెట్టండి. ఆ స్టిక్కరు మీద కోడ్ ఉంటుంది. ఏ డిపో నుంచి ఏ షాపుకి ఆ సరుకు వెళ్ళిందో శాఖ దగ్గర తెలుస్తుంది. వానకి తడిసినా, మట్టి పట్టినా కోడ్ చదవడం కష్టం, అందుకే దొరికిన రోజే ఫోటో తీసి, తేదీ, చోటు రాసిన కాగితంతో కలిపి కవర్లో వెయ్యాలి. ఒకే చోట దొరికిన 15, 20 స్టిక్కర్లు ఒకే షాపువని తేలితే, ఆ బెల్టుకి సరుకు ఎక్కడినుంచి వస్తోందో మీరు నోటితో చెప్పనక్కర్లేదు. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాక, బెల్టుకి సరుకిచ్చిన షాపుకి మొదటిసారి 5 లక్షల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని ప్రభుత్వం ప్రకటించింది. బెల్టు నడిపే ఆమె మీద వంద ఫిర్యాదులు పెట్టేకంటే షాపు పేరు తేలే ఒక్క ఫిర్యాదు ఎక్కువ పని చేస్తుంది.

ఫిర్యాదులు ఎందుకు నీరుగారిపోతాయో కూడా చెప్తా. "మా ఊళ్ళో బెల్టు షాపు ఉంది, చర్య తీసుకోండి" అని ఒక్క లైను రాస్తారు. మధ్యాహ్నం 12 గంటలకి జీపు వస్తుంది. ఆ వేళకి ఇంట్లో రెండో మూడో సీసాలుంటాయి, "సొంతానికి తెచ్చుకున్నాం" అంటారు. మిగతా సరుకు పక్కింటోళ్ళ గడ్డివాములో, లేదంటే పేడదిబ్బ పక్కన పాత డ్రమ్ములో ఉంటుంది. జీపు ఊరి మలుపు తిరగకముందే ఫోను వచ్చేసి ఉంటుంది.

అందుకని ఫిర్యాదులో ఉండాల్సింది ఇది: సరుకు దిగే వేళ, బండి రకం, దింపే చోటు, నిల్వ ఉండే చోటు, ఏ సైజు ఎంతకి అమ్ముతున్నారు, ఎంఆర్‌పీ మీద ఎంత ఎక్కువ, ఏ వయసు పిల్లలకి ఇస్తున్నారు. షాపులు పొద్దున 10 నుంచి రాత్రి 10 దాకానే. బెల్టుకి గిరాకీ అంతా ఆ వేళలు దాటాకే, తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక. సరుకు మాత్రం రాత్రి షాపు మూసే ముందు బైకు మీద వస్తుంది. ఆ గంట రాయండి. ఎక్సైజ్ వాళ్ళ 14405కి ఫోను చేస్తే పేరు చెప్పనక్కర్లేదు, కానీ ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. పది రోజులైనా కదలిక లేకపోతే ఆ నంబరుతో సోమవారం కలెక్టరాఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. నంబరు లేకుండా పోతే మళ్ళీ మొదటికే వస్తారు.

సర్పంచునే, భర్తను కాదు

సార్ చెప్పింది బాగుంది గానీ, ఎక్సైజ్ వాళ్ళ మీదే ఆధారపడితే జాతర అయిపోయినాక వస్తారు. కోపం తెచ్చుకోవద్దు సార్.

పంచాయతీ చేతిలో ఉండేవి కొన్ని ఉండాయి. వాటిని ముందు వాడుకోవాల. పంచాయతీ గదులు, సంత అంగళ్ళు, జాతరలో వేసే బంకులు, పకోడా బండ్లకి జాగా ఇచ్చేది మనమే. ఆ జాగా కాగితంలోనే షరతు రాయించండి. గ్రామసభ తీర్మానం నోరు తిరగని భాషలో ఉంటే ఎవురికీ ఎక్కదు, ఇట్లా రాస్తే చాలు:

"పంచాయతీ పరిధిలో 21 ఏళ్ళు నిండని వారికి మద్యం అమ్మరాదు, ఇవ్వరాదు. 18 ఏళ్ళ లోపు పిల్లల చేత మద్యం తెప్పించుకోరాదు. పంచాయతీ గదుల్లో, సంతలో, జాతర అంగళ్ళలో మద్యం నిల్వ గానీ అమ్మకం గానీ కనబడితే ఆ అంగడికి ఇచ్చిన జాగా రద్దు చేసి, ఎక్సైజ్ స్టేషనుకు తెలియజేయుటకు సభ తీర్మానించింది."

కింద సంతకాలు ఆడోళ్ళవే ముందుండాల. తీర్మానం కాపీలు నాలుగు: ఎంపీడీవో, ఎస్సై, ఎక్సైజ్ స్టేషను, సచివాలయం. అందినట్టు ముద్ర వేయించుకోండి.

ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది. మందు అమ్మని అంగడి కూడా మందుకి సాయం చేస్తాది. ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, ఊరగాయ కలిపి ఒక కవరులో కట్టి "సెట్టు" అని అమ్ముతారు. రాత్రి 8 దాటినాక ఒక అంగట్లో ఈ సెట్లు ఎక్కువ పోతా ఉంటే, తాగే జాగా అక్కడికి 200 గజాల లోపలే ఉంటాది. అంగిడాయన్ని తిట్టొద్దు. చిన్న పిలకాయలకి సెట్టు ఇవ్వొద్దని, ఎవురైనా అడిగితే ఏ వేళకి అడిగినారో చెప్పమని అడగండి. వ్యాపారానికి నష్టం లేని పని అడిగితే ఒప్పుకుంటారు.

బెల్టు నడిపేది చాలా ఊళ్ళలో మొగుడు పోయిన ఆడమనిషో, కాళ్ళు చేతులు ఆడని ముసలాయనో. వాళ్ళింటి ముందు ధర్నా చేస్తే ఊరు రెండు ముక్కలవుతాది. సంఘంలో అప్పు పెట్టించి ఒక పాడి ఆవో, టిఫిను అంగడో చూపించే మాట ముందు జరగాల. ఒప్పుకోకపోతే అప్పుడు సార్ చెప్పిన దారి.

మగ్గం, నగరి

ఇంత సుత్తి ఎందుకు? 1992లో పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆడోళ్ళంతా కలిసి సారా అంగడి మూయించలే? 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చీపుర్లు పట్టుకోని పోతే సరిపోతాది.

సంఘం లీడరు, గంగాధర నెల్లూరు వైపు

నాయనా, అప్పుడు వేలం పాడిన సారా అంగడి ఊరి నడిమధ్య బోర్డుతో ఉండేది. మూయించాల్సింది ఒక్కటే, అది అందరి కంటికీ కనబడేది. ఇప్పుడు అంగడి ఫ్రిజ్జులో ఉండాది, బైకు డిక్కీలో ఉండాది, వాట్సాప్‌లో ఉండాది. చీపురు యాడికని ఎత్తుకోని పోతావు? ఆ ఉద్యమంలో పనికొచ్చేది వేరే ఉండాది. ఆడోళ్ళు ఒక్కొక్కరుగా కాకుండా గుంపుగా మాట్లాడినారు, అందుకే ఏ ఒక్క ఇంటి మీదా పగ మిగల్లేదు. ఆ పద్ధతి తీసుకోండి.

లా పాయింటు, చిత్తూరు

చావిట్లో నిలబెట్టే మాట దగ్గరే ఆపండి. గుండు కొట్టించడం, మెడలో సీసాల దండ వేసి తిప్పడం, వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం, ఇవన్నీ చేసినవాళ్ళ మీదికే కేసు తెస్తాయి. 18 లోపు పిల్లవాడు జువైనల్ జస్టిస్ చట్టం ముందు సంరక్షణ అవసరమైన పిల్లవాడే తప్ప ఊరు శిక్షించాల్సిన దోషి కాదు. పైగా పరువు పోయిన పిల్లవాడు బడి మానేస్తాడు. బడి మానేస్తే ఇటుక బట్టీకో, లారీ క్లీనరుగానో పోతాడు. అక్కడ మందు ఇంకా దగ్గర.

చట్టం గట్టిగా ఉన్నది ఇచ్చినవాడి మీద. 2015 జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 77 ప్రకారం, డాక్టరు చెప్పినప్పుడు తప్ప, పిల్లలకి మద్యం ఇచ్చినా ఇప్పించినా 7 ఏళ్ళ వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. సెక్షన్ 78 ఇంకా ముఖ్యం: పిల్లల చేత మద్యం అమ్మించడం, మోయించడం, చేరవేయించడం కూడా అదే శిక్ష కిందికి వస్తుంది. "ఒరే, పోయి ఒక క్వార్టరు పట్టుకురా" అనే తండ్రి, పిల్లవాడి చేతికి ఇచ్చే బెల్టు మనిషి, ఇద్దరూ దీని పరిధిలోకి వస్తారు. ఈ రెండు సెక్షన్లూ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద వేసి బెల్టు ఇళ్ళకీ, అంగళ్ళకీ సచివాలయం మహిళా పోలీసు చేత స్వయంగా ఇప్పించండి. తీసుకున్నట్టు సంతకం తీసుకోండి. రేపు "నాకు తెలియదు" అనడానికి ఉండదు.

ఒక హెచ్చరిక. రుజువు కోసం పిల్లవాడికి డబ్బులిచ్చి కొనిపించి వీడియో తీసే ఐడియా ఎవరికో ఒకరికి వస్తుంది. చేయొద్దు. పిల్లవాడి చేత మద్యం మోయించినవాళ్ళు అప్పుడు మీరే అవుతారు.

బడి మాస్టారు, చంద్రగిరి

ఉపన్యాసం గురించి. కాలేయం బొమ్మలు చూపించి భయపెట్టే క్లాసులతో తాగుడు తగ్గదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి నివారణ ప్రమాణాల్లోనే ఉంది. పద్నాలుగేళ్ళవాడికి నలభయ్యేళ్ళప్పుడు వచ్చే జబ్బు గురించి చెప్తే వాడికి అది వేరే ఎవరి గురించో. ఇంకా తప్పు ఏమిటంటే "ఈ కాలం పిల్లలంతా తాగుతున్నారు" అని స్టేజి మీద చెప్పడం. తాగనివాడు కూడా తానొక్కడే వెనకబడ్డాననుకుంటాడు. 2019లో వచ్చిన జాతీయ సర్వేలో 10 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో మద్యం వాడేవాళ్ళు 1.3 శాతమే. ఊరిని బట్టి, వయసును బట్టి ఇది మారుతుంది. అయినా తాగనివాళ్ళే ఎక్కువ అన్న సంగతి పిల్లలకి తెలియాలి.

క్లాసులో పనికొచ్చేది మాటల సాధన. "ఒక్క గుటకే కదరా" అన్నప్పుడు ఏమనాలి? "మందులేసుకుంటున్నా", "బండి నడపాల", "మా నాయన వాసన చూస్తాడు" లాంటి జవాబులు పిల్లలే తయారు చేసుకుని, ఇద్దరిద్దరు నిలబడి పది నిమిషాలు అనుకోవాలి. నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. మూడు నాలుగు వారాలు వరసగా చేస్తేనే నోటికి వస్తుంది.

అసలు బరువు తల్లిదండ్రుల వైపు ఉంది. ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ళ పిల్లల్లో నెలలో ఒకసారైనా తాగి మత్తెక్కినవాళ్ళు 42 శాతం. 2016కి 5 శాతం. అక్కడ చేసినవాటిలో మనకి అరువు తెచ్చుకోదగ్గది తల్లిదండ్రుల ఒప్పందం. ఒక్కో ఇల్లు ఒక్కో రూలు పెడితే "ఫలానావాడింట్లో వదులుతారు కదా" అని పిల్లవాడు వాదిస్తాడు. అందరూ ఒకే రూలు పెడితే వాదన ఉండదు. ఒక పేజీ మించకూడదు: రాత్రి 9 లోపల ఇంట్లో ఉండాలి, జాతర రోజుల్లో 11. పిల్లల చేత మందు, సిగరెట్లు తెప్పించం. ఇంట్లో సీసా ఉంటే తాళం పెట్టిన పెట్టెలో. మన ఇంట్లో పెద్దలు లేనప్పుడు పక్కింటి పిల్లల్ని గుంపుగా ఉండనివ్వం. ఎవరి పిల్లవాడు తాగి కనబడినా ముందు వాళ్ళమ్మకో నాన్నకో ఫోను, ఆ తర్వాతే ఇంకెవరికైనా.

ఇది చెడేది ఎక్కడంటే, బళ్ళో మధ్యాహ్నం మీటింగు పెడితే తల్లులే వస్తారు. తండ్రులు లేని ఒప్పందానికి విలువ లేదు, ఎందుకంటే సీసా తెచ్చేది వాళ్ళే. మన జిల్లాలో తండ్రులందరూ ఒకచోట దొరికేది పాల కేంద్రం దగ్గర. సాయంత్రం పాలు పోసే వేళకి అక్కడే పది నిమిషాలు మాట్లాడి, రోజుకి పదిహేను సంతకాలు తీసుకుంటూ పోతే రెండు వారాల్లో ఊరు అయిపోతుంది. పదోతరగతి, ఇంటరు పిల్లలున్న ఇళ్ళు ముందు.

వి.కోట బార్డరు

ప్యాకెట్ల సంగతి. 90 ప్యాకెట్టు జేబులో పడతాది, కింద పడినా పగలదు, శబ్దం రాదు, తాగినాక నలిపి గోడ మీద నుంచి పారేస్తారు. చెల్లే డబ్బు కూడా తక్కువ. అందుకే పిలకాయలకి సీసా కంటే అదే అనువు. హద్దు దాటించేది పెద్ద లారీలు కాదు, ఎక్కువగా పాల క్యాన్ల బండ్లు, కూరగాయల ఆటోలు, అటువైపు కూలికి పోయొచ్చే బైకులు. తెచ్చేది పది, ఇరవై ప్యాకెట్లు. చెక్‌పోస్టులో ఇంత చిన్నది పట్టుకోవడం కష్టం.

పట్టాల్సింది ఊళ్ళో పంచే మనిషిని. ఎక్కువగా ఇరవై, ఇరవై రెండేళ్ళ "అన్న" ఒకడుంటాడు. పిలకాయలు డబ్బులు పోగేసి ఇస్తారు, వాడు తెచ్చి మీద ఇరవయ్యో ముప్పయ్యో తీసుకుంటాడు. వాడికి ఇది వ్యాపారం అనిపించదు, సాయం అనిపిస్తాది. సెక్షన్ 77 కాగితం బెల్టు మనిషి కంటే వీడి చేతిలో పెడితేనే ఎక్కువ పని చేస్తాది. గవర్నమెంటు ఉద్యోగానికి, పాస్‌పోర్టుకి పోలీసు వెరిఫికేషన్ ఉంటాది అని ఒక్క మాట అంటే చాలు, ఆ వయసోళ్ళకి అర్థమవుతాది. వాళ్ళమ్మ ముందర చెప్పొద్దు, పక్కకి పిలిచి చెప్పాల.

పలమనేరు పక్కపల్లె

అన్నా, అక్కా, మాస్టారూ, చానా పనికొచ్చే మాటలు. జాతర రాత్రుల సంగతి కూడా రాయండి. పిలకాయోడు ఎవుడైనా పడిపోతే ఏం చెయ్యాల? మా ఊళ్ళో నిమ్మకాయ పిండి నోట్లో పోస్తారు.

108 తమ్ముడు, తిరుపతి

నిమ్మకాయ పొయ్యొద్దు. మజ్జిగ, చింతపండు రసం, ఉప్పునీళ్ళు, కాఫీ ఏదీ వద్దు. మత్తులో ఉన్నవాడికి గొంతు సరిగ్గా మూసుకోదు, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేలు పెట్టి కక్కించొద్దు. చన్నీళ్ళు కుమ్మరించొద్దు, మందు తాగినవాడి ఒళ్ళు ముందే చల్లబడుతూ ఉంటుంది.

లెక్క తెలిస్తే ఎందుకు భయపడాలో అర్థమవుతుంది. 42.8 శాతం ఉండే 180 క్వార్టరులో సుమారు 61 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. 45 కిలోల పిల్లవాడు దాన్ని అరగంటలో దించేస్తే రక్తంలో 100 మి.లీ.కి 200 మి.గ్రా. దరిదాపుల్లోకి పోవచ్చు. బండి నడపడానికి చట్టం పెట్టిన హద్దు 30. పెద్దవాళ్ళు నంజుకుంటూ రెండు గంటలు తాగేదాన్ని పిల్లలు ఎవరైనా వస్తారేమోనని గబగబా తాగేస్తారు, అదీ ఖాళీ కడుపున. కూల్‌డ్రింకులో కలిపితే ఘాటు తెలియదు. పైగా పిల్లల్లో రక్తంలో చక్కెర పడిపోయి ఫిట్స్ రావచ్చు.

గట్టిగా పిలిచి, భుజం గిల్లితే కళ్ళు తెరవకపోయినా, ఊపిరి నిమిషానికి 8 కంటే తక్కువున్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా, వెంటనే 108. బైకు మీద ఇద్దరి మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోవద్దు, తల వాలిపోయి ఊపిరి ఆగుతుంది.

బండి వచ్చేదాకా ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పైనున్న కాలు మోకాలి దగ్గర మడిచి నేలకి ఆనించాలి, అప్పుడు బోర్లా దొర్లిపోడు. పైచెయ్యి చెంప కింద, తల కొంచెం వెనక్కి, నోరు నేలవైపు. దుప్పటి కప్పండి. ఒక మనిషి పక్కనే కూర్చోవాలి. "పడుకున్నాడులే, పొద్దునకి దిగుతుంది" అని వదిలేసినప్పుడే ప్రాణాలు పోయేది. కడుపులో మిగిలిన మందు ఇంకా రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది.

నాటుసారా, లేబులు లేని సరుకు తాగి మరుసటి రోజు చూపు మసకగా ఉందన్నా, కళ్ళ ముందు తెల్లగా ఉందన్నా, కడుపు నొప్పి, ఆయాసం అన్నా అది మామూలు హ్యాంగోవర్ కాదు. మిథనాల్ అనే విషపు ఆల్కహాలు కలిసిందని అనుమానించాలి. గంటలు కూడా ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి, తిరుపతి వైపైతే రుయాకి.

సర్పంచునే, భర్తను కాదు

జాతర, భారతం ఏర్పాట్లు రాస్తా.

భారతం 18 రోజులు జరిగే ఊళ్ళలో నాటకం రాత్రి మొదలై తెల్లారిందాకా సాగుతాది. ఇంట్లో "భారతం చూడ్డానికి పోతా ఉండా" అంటే ఎవురూ కాదనరు. గడబిడ అంతా 11 నుంచి 3 మధ్య. కుర్రోళ్ళు నాటకం దగ్గర ముఖం చూపించి, వెనక చీకట్లోకి పోయి, మళ్ళీ వచ్చి కూర్చుంటారు. అందుకే కాపలా పందిరి దగ్గర పెట్టి లాభం లేదు, పందిరి నుంచి బయటికి పోయే దారుల్లో పెట్టాల.

లైట్లు ముందు. అమ్మవారికి సీరియల్ సెట్లు ఎన్ని వేస్తారో అందులో నాలుగో వంతు ఖర్చుతో చెరువు కట్టకి, బడి వెనక్కి, తోపు దారికి ఫ్లడ్‌లైట్లు పడతాయి. జనరేటరు ఆయనతో ముందే మాట్లాడి ఆ వైర్లు కూడా లాగించండి. లైటు పడిన జాగాలో ఎవురూ కూర్చోరు.

కాపలా నలుగురు నలుగురుగా, రెండు గంటలకొక జట్టు. ఇద్దరు ఆడోళ్ళు, ఇద్దరు మగోళ్ళు. చేతిలో టార్చి, ఫోను, నీళ్ళు. కర్రలు వద్దు. కనబడితే చేసేది పేరు పెట్టి పిలవడం, "మీ అమ్మ వెతకతా ఉంది, రా నాయనా" అనడం, ఫోను చెయ్యడం. అంతకు మించి ఏమీ లేదు.

తరమొద్దు. ఇది మాత్రం కాపలావాళ్ళ చేత మూడు తూర్లు చెప్పించుకోండి. మన చేలల్లో గోడ లేని పాత నేలబావులు ఎన్నో. చీకట్లో, మత్తులో, భయంతో పరిగెత్తే పిలకాయోడికి బావి కనబడదు. జాతరకి ముందే తోపుల్లో, పందిరి చుట్టూ అర కిలోమీటరు లోపల ఉండే నేలబావులకి కంప కొట్టించండి, చుట్టూ నాలుగు కర్రలు పాతి రేడియం టేపు చుట్టండి.

బైకులు ఊరి మొదట్లోనే ఆపించి, తాళాలు నంబరు చీటీతో ఒక పెట్టెలో పెట్టాల. మైనరు బండి నడిపితే మోటారు వాహన చట్టంలో 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు తండ్రికో, బండి ఓనరుకో పడతాదని మైకులో రోజుకి రెండు తూర్లు చెప్పించండి. దీనికి మాత్రం అందరూ చెవి ఒగ్గుతారు.

అంబలి, మజ్జిగ పందిరి రాత్రంతా తెరిచి పెట్టండి. కడుపు నిండినోడు తక్కువ తాగతాడు అనేది పక్కన పెడితే, పిలకాయలు వచ్చి నిలబడే జాగా ఒకటి వెలుతురులో ఉంటాది.

బీడు గ్రౌండు, పుంగనూరు దారి

వాలీబాల్ కోర్టు వెయ్యండి. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు, చుట్టూ 3 మీటర్లు ఖాళీ, నెట్టు మగపిల్లలకి 2.43, ఆడపిల్లలకి 2.24 మీటర్ల ఎత్తు. సాయంత్రం 6 నుంచి 8.30 దాకా లైట్లు. ఆ వేళే తాగుడు మొదలయ్యేది.

క్రికెట్ టోర్నమెంట్లతో జాగ్రత్త. ప్రైజు డబ్బు చేతికిస్తే ఆ రాత్రే మందుకి పోతాది. బ్యాట్లు, ప్యాడ్లు, షూలు కొనివ్వండి. స్పాన్సరు "గెలిచిన టీముకి పార్టీ" అంటే వాడి ఫ్లెక్సీ కట్టొద్దు.

లా పాయింటు, చిత్తూరు

తమ్ముడూ, ఆట ఒక్కటే పెడితే ఆట ముగిశాక తాగే గుంపు ఒకటి తయారవుతుంది. కోర్టు దగ్గర ప్రతి సాయంత్రం ఒక పెద్ద మనిషి ఉండాలి, పేరు బోర్డు మీద రాసి ఉండాలి.

బీడు గ్రౌండు, పుంగనూరు దారి

ఒప్పుకున్నా అన్నా. పీఈటీ సారుకో, రిటైరైన మిలిటరీ ఆయనకో చెప్పొచ్చు.

మందుల షాపు, పీలేరు రోడ్డు

ఇప్పటికే తాగుతున్న పిల్లల గురించి ఎవరూ రాయలేదు. ఇంట్లో తెలిసిన వెంటనే తల్లులు చేసే మొదటి పని, "అన్నంలో కలిపే పొడి" వెతకడం. ఆ పొడుల్లో కొన్నిటిలో డైసల్ఫిరామ్ ఉంటుంది. అది డాక్టరు చూపులో, తాగే మనిషికి చెప్పి, వాడి ఒప్పుదలతో ఇవ్వాల్సిన మందు. చెప్పకుండా కలిపితే, వాడు తాగగానే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి కూడా రావచ్చు. పిల్లలకి అసలే వద్దు.

అడిగే తీరు మార్చండి. "తాగావా లేదా?" అంటే "లేదు" అనే వస్తుంది. వాడు తేలిగ్గా ఉన్నప్పుడు, బండి మీద పోతూనో, చేను దగ్గరో, "ఎక్కడ మొదలైంది, ఎవరితో, ఎన్ని తూర్లు, తాగి బండి నడిపావా, తాగిన తర్వాత జరిగింది గుర్తులేని రోజులున్నాయా, ఒక్కడివే ఎప్పుడైనా తాగావా?" అని అడగండి. చివరి రెండిటికి "అవును" అంటే ఇంట్లో సర్దుకునే దశ దాటింది. 14446 మత్తు విడుపు హెల్ప్‌లైను. నిద్ర లేదు, చచ్చిపోతానంటున్నాడు లాంటివి ఉంటే 14416, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడతారు. రుయాలో మానసిక విభాగం ఓపీ ఉంది. కుప్పం, పలమనేరు వైపువాళ్ళకి బెంగళూరులోని మానసిక ఆసుపత్రి నిమ్‌హాన్స్ దగ్గర. పిల్లవాడిని కొడుతున్నారని, బెల్టుకి పనికి పెట్టారని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైను 1098.

పలమనేరు పక్కపల్లె

అందరికీ దండం. చివరగా రెండు సందేహాలు. తాళాల పెట్టె దగ్గర ఎవురు కూర్చోవాల? తాగి వచ్చినోడు తాళం అడిగితే గొడవ అవదా? మూతల లెక్క మళ్ళీ ఎప్పుడు తియ్యాల?

సర్పంచునే, భర్తను కాదు

తాళాల దగ్గర బయటూరోడిని పెట్టొద్దు, కుర్రోళ్ళని అసలే వద్దు. అందరికీ మేనత్తో, పెద్దమ్మో అయ్యే ఒక ముసలామెని కూర్చోబెట్టండి, పక్కన ఇద్దరు మనుషులు. ఆమె "పొద్దున్నే వచ్చి తీసుకో అబ్బయ్యా, తాళం యాడికీ పోదు" అంటే ఎదురు మాట్లాడేవాడు మన పల్లెల్లో తక్కువ. చీటీ మీద పేరుతో పాటు వాళ్ళ నాయన ఫోను నంబరు కూడా రాయించుకోండి.

సంఘం లీడరు, గంగాధర నెల్లూరు వైపు

మూతల లెక్క జాతర వారంలో తియ్యొద్దు, చుట్టాలు తాగినవి కలిసిపోతాయి. భారతం ముగిసి పది రోజులైనాక అదే ఆరు చోట్లు, అవే మూడు రోజులు, అదే మనుషులు. చోటు మారినా, మనిషి మారినా లెక్క కుదరదు. పాత చోట్లలో బాగా తగ్గి ఉంటే సంబరపడే ముందు ఒకసారి కొత్త లేఅవుట్ల వైపు, సగం కట్టి వదిలేసిన ఇళ్ళలోకి తొంగి చూడండి.